స్టూడియోలో కొలను ఊగింది

జనగామ స్టేషన్ రోడ్డులో ఆ దుకాణం బోర్డు మీద సారయ్య ఫొటో స్టూడియో అని రాసి ఉండేది. ఊళ్లో మాత్రం అందరూ సత్తెమ్మ స్టూడియో అనేవారు. ఫొటో తీసేది సారయ్యే. మిగిలిన పెత్తనమంతా ఆయన పెళ్లాం సత్తెమ్మది. వచ్చినవాళ్లకు దువ్వెన చేతికిచ్చేది, ముఖానికి పౌడరు అద్దేది, గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకొస్తే విప్పి మళ్లీ పెట్టేది.

"పండ్లు గట్ల బయటపెడుతున్నవేంది బిడ్డా, సంతల ఎద్దువా?" అని నవ్వేవాణ్ని ఆపేది. నవ్వనివాణ్ని చూసి, "గా ముఖమేంది, నీ ఫొటోకు దండ ఇయ్యాల్నే ఎయ్యాల్నా?" అనేది. నవ్వాలో మానాలో తెలియక వాళ్లు రెంటికీ మధ్య ముఖం ఒకటి పెట్టేవారు. జనగామ చుట్టుపక్కల ఆ కాలపు ఫొటో ఎవరింట్లో ఉన్నా తీసి చూడండి, అందరికీ ఆ మధ్య ముఖమే ఉంటుంది.

సత్తెమ్మ పెద్దగా చదువుకోలేదు. అక్షరాలు వచ్చాయి. గుణింతం వచ్చేలోపల ఇంట్లోకి బర్రెలు వచ్చాయి. అంతటితో బడి అయిపోయింది. అయినా తన మాటకు ఎదురు చెప్పగలిగిన చదువుకున్నవాడు జనగామలో ఇంకా పుట్టలేదని ఆమె నమ్మకం. సారయ్య కూడా అదే నమ్మేవాడు. ఆయనకు వేరే దారి లేదు.

సారయ్య హైదరాబాదులో ఒక ఉస్తాద్ దగ్గర ఊడ్వడం నుంచి మొదలుపెట్టి ఫొటో తీయడం దాకా నేర్చుకున్నాడు. ఆ ఉస్తాద్ కెమెరా మూత తీసే ముందు గొంతు సవరించుకుని "ఛల్, రెడీ" అనేవాడట. అరవై తొమ్మిదిలో తెలంగాణ లొల్లి మొదలై, దుకాణాలు తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువైనప్పుడు, ఉస్తాద్ తన పాత డబ్బా కెమెరా సారయ్య నెత్తిన పెట్టి ఊరికి పొమ్మన్నాడు. అట్లా సారయ్య జనగామకు తెచ్చుకున్నవి కెమెరా, దాని నల్లగుడ్డ, ఆ "ఛల్, రెడీ". ఆ మాట అననిదే ఆయన చేయి మూత మీదికి పోయేది కాదు.

స్టూడియో పెట్టిన గది, దాని వెనక పెరడు సత్తెమ్మ అన్న వెంకట్రాంవి. వెంకట్రాం జఫర్‌గఢ్ దగ్గరి పల్లెలో పొలాలు, బర్రెలు, మాట నెగ్గించుకునే గొంతు ఉన్న మనిషి. చెల్లెలు కదా అని గదిలో ఉండనిచ్చాడు. ఇవ్వడం వేరు, ఉండనివ్వడం వేరు. ఆ తేడా వెంకట్రాంకు బాగా తెలుసు.

సారయ్య పట్నంలో ఉన్న రోజుల్లో సత్తెమ్మ ఆ అన్న ఇంట్లోనే ఉండి, వదినె సుగుణ చూపించిన పేడంతా ఎత్తింది. జనగామకు బయలుదేరిన నాడు బండి ఎక్కి, నలుగురూ వినేటట్టు, "ఇగ నేను గీ ఇంట్ల పేడతట్ట ముట్టుకుంటే నా పేరు సత్తెమ్మ కాదు" అని చెప్పి వచ్చింది. పేరు మార్చుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

స్టూడియోకు అసలైన అందం వెనక వేలాడే పరదా. సినిమా బోర్డులు రాసే సంజీవ దాన్ని గీశాడు. గుడ్డ కొత్తది కాదు. ఉద్యమం రోజుల్లో ఊరేగింపులో పట్టుకున్న పెద్ద బ్యానరు. జై తెలంగాణ అన్న అక్షరాల మీద సున్నం లాంటిది పూసి, దాని మీద కొలను, తామరలు, రెండు హంసలు, వెనక ఒక కొండ గీశాడు. ఒక మూలకు సూర్యుణ్ని, ఇంకో మూలకు చంద్రుణ్ని పెట్టాడు. ఎవరికి ఏది నచ్చితే కుర్చీ అటు జరుపుకోవచ్చు. హంసలు మాత్రం బాతుల లాగా ఉండేవి. సంజీవ ముందు ఆ మాట అంటే అలిగేవాడు కాబట్టి సత్తెమ్మ రోజూ అనేది.

కొన్నాళ్లకు పరదా నడుమ జారి, కొలను కడుపుతో ఉన్నట్టు ముందుకు ఉబ్బింది. సత్తెమ్మ ఊరుకునే మనిషి కాదు. పరదా అడుగు కర్రకు గట్టి తాడు కట్టి, దాన్ని గోడలోని గాలికంత గుండా బయటికి తీసి, పెరట్లో పాతి ఉన్న గుంజకు బిగించి ముడేసింది. కొలను పలక లాగా సాపు అయింది. "ఏనుగొచ్చి గుంజినా ఊడది" అని తన ముడిని తానే మెచ్చుకుంది. నిజమే, ఆ ముడి ఎన్నడూ ఊడలేదు.

కష్టం ఆ వానాకాలంలోనే మొదలైంది.

అప్పటి ఫొటో ఇప్పటిలాగా చిటికెలో పని కాదు. సారయ్య మూత తీసి, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి, మూత పెట్టేవాడు. అంతసేపూ ఎదుట ఉన్నది కదలకూడదు. కదిలితే అక్కడ మసక. మనుషులు సత్తెమ్మకు భయపడి రాళ్లలాగా కూర్చునేవారు. ఫొటో కడిగి చూస్తే ముఖం శుభ్రంగా వచ్చేది, మీసంలో వెంట్రుకలు కూడా కనిపించేవి. వెనక మాత్రం కొలను ఊగిపోయేది. హంసకు మూడు మెడలు, తామరకు తోక, కొండ కల్లు తాగినట్టు పక్కకు వాలి ఉండేది.

మొదట వచ్చి అడిగినాయన కిరాణం వ్యాపారి. "సత్తెమ్మా, నేను కూసున్నది కొలను ముంగట్నా, వరదలనా? మా ఇంటోళ్లు ఫొటో చూసి నాకు ఈత వచ్చా అని అడుగుతున్నరు" అన్నాడు.

"నువ్వు మంచిగనే పడ్డవ్ కద. మునుగుతే గప్పుడు అడుగు" అని పంపేసింది. పంపింది గాని ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు.

ఇక అప్పటినుంచి పరదాతో ఆమెకు యుద్ధమే. గాలి అనుకుని గాలికంతలో తాడు పట్టేంత సందు వదిలి మిగిలినదంతా పాతగుడ్డలు కుక్కింది. కొలను ఊగింది. రైలు అదురు అనుకుని, రైలు పోయి చాలాసేపు అయ్యాక ఫొటో తీయించింది. ఊగింది. అడుగు కర్ర మీద రాళ్లు పేర్చింది. ఊగింది, ఒక రాయి దొర్లి సారయ్య కాలి మీద పడింది. పిల్లి తిరుగుతుందేమోనని పరదా వెనక చీపురు పట్టుకుని కాపలా కూర్చుంది. పిల్లి రాలేదు, కొలను ఊగింది. మిరపకాయలతో దిష్టి తీసింది. ఫొటో దిగడానికి కూర్చున్నవాళ్లు దగ్గి దగ్గి వాళ్లే ఊగారు. పరదా వెనక ప్రతి మేకూ, ప్రతి ఉంగరమూ చేత్తో పట్టి చూసింది. తాడు ఒక్కటే చూడలేదు. తాను కట్టిన ముడిని మళ్లీ చూడటమంటే తనను తాను అనుమానించినట్టు.

సారయ్య మెల్లగా తన అనుమానం చెప్పాడు. "సత్తీ, గుడ్డల పాత అక్షరాలున్నయి కద. తెలంగాణ రాలేదని గుడ్డకు కోపమున్నదేమో."

"కోపముంటే ఢిల్లీ పోయి ఊగమను. నా స్టూడియోల ఊగుడేంది."

సంజీవను పిలిపించింది. ఆయన పరదా ముందు చేతులు కట్టుకుని నిలబడి చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకున్నాడు. "అక్కా, తప్పు నాదే. జీవకళ ఎక్కువ పోసిన. నా హంసలకు పానం వచ్చింది."

"బాతులకు పానం వస్తే గుడ్లన్న పెట్టాలె గద. ఏవి?" అంది సత్తెమ్మ. సంజీవ అలిగి పోయాడు.

చివరికి ఆమె తానే కుర్చీలో కూర్చుని, "నన్ను తీయి, నేను చూస్త దీని సంగతి" అంది. ఎదురుగోడకు వచ్చినవాళ్లు దువ్వుకునే అద్దం ఉండేది. అందులో పరదాను చూస్తూ బిగదీసుకుని కూర్చుంది. సారయ్య కెమెరాలో ప్లేటు పెట్టలేదు, ఊరికే చూడటానికే. ఊళ్లో అందరితో "ఛల్" అనే సారయ్య, పెళ్లాంతో మాత్రం అట్లా అనే ధైర్యం లేక, "ఇగ తీయనా మరి, తీస్తున్న" అని మర్యాదగా అన్నాడు. ఆయన చేయి మూత దాకా పోవడానికి నాలుగుసార్లు గుటకలు మింగాల్సి వచ్చింది. మూత తీశాడు, లెక్కపెట్టాడు, పెట్టాడు. కొలను చుక్క కదలలేదు. మళ్లీ తీశాడు. కదలలేదు.

"చూసినవా" అంది సత్తెమ్మ లేచి. "నేనంటే దానికి బుగులు."

ఆ పరీక్ష ఆమెకు గర్వం ఇచ్చింది గాని దారి ఇవ్వలేదు. ప్రతి ఫొటోలోనూ తానే కూర్చోలేదు కదా.

పెరట్లో సంగతి ఒకటి చెప్పాలి. స్టేషనుకు టాంగా తోలే ఖాసిం, రైలు వచ్చేదాకా తన గుర్రాన్ని సత్తెమ్మ పెరట్లో నీడకు కట్టేసుకునేవాడు. లద్దె బీరపాదుకు మంచిదని ఆమె ఒప్పుకుంది. గుర్రం పేరు బాద్షా. పేరుకు తగ్గట్టు ఎవరి పనీ చేసేది కాదు. కర్ర చూపించినా, గడ్డి చూపించినా కదలదు. "ఛల్" అంటే మాత్రం ఒక అడుగు వేసేది. ఒక్కటే. రెండో అడుగుకు ఇంకో ఛల్ కావాలి. కాసేపు ఎవరూ ఏమీ అనకపోతే తనంతట తానే వెనక్కి వచ్చి పాత జాగాలో నిలబడేది. స్టేషను దాకా పోయేసరికి ఖాసిం గొంతు పోయేది.

ఆ రోజుల్లోనే దంతాలపల్లి దిక్కు తండా నుంచి దేవ్యా, ఆయన భార్య చాందీ జనగామకు బంధువుల దగ్గరికి వచ్చి ఫొటో దిగారు. అద్దాల రవికె, చేతినిండా గాజులతో చాందీ కుర్చీలో కూర్చుంటే గది వెలిగిపోయింది. ఫొటో తీసుకోవడానికి వచ్చినప్పుడు సత్తెమ్మ తిట్లు పడటానికి సిద్ధపడి, తిరిగి తిట్టడానికి ఇంకా ఎక్కువ సిద్ధపడి, ఫొటో చేతికిచ్చింది. చాందీ చూసి మొగనితో తమ బాసలో ఏదో అంది. ఇద్దరూ కిందా మీదా చూసి నవ్వారు.

"ఏమంటున్నది తమ్మీ?" అని సారయ్య భయంభయంగా దేవ్యాను అడిగాడు.

"నీళ్లు పారుతున్నయంటున్నదన్నా" అన్నాడు దేవ్యా. "వేరేకాడ ఫొటోల నీళ్లు సచ్చినట్టుంటయి. గిది మంచిగున్నది."

సత్తెమ్మకు ఆ మాట చల్లగా తగిలింది గాని నమ్మలేదు. వెటకారమేమోనని వాళ్లు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

దసరాకు కొన్నాళ్ల ముందు వెంకట్రాం కబురు లేకుండా వచ్చాడు. సర్పంచుగా గెలిచాడు. తలపాగా ఇంకా ఆ గెలుపు వేడిమీదే ఉంది. మంచినీళ్లు తాగి, పరదా ముందు నిలబడి, జేబులోంచి ఒక ఫొటో తీశాడు. ఆయన బామ్మర్ది కొడుకుది, అక్కడే తీసింది. పిల్లవాడి వెనక కొండ మూడు కొండలుగా ఉంది.

"చెల్లె, పంచాయతీ ఆఫీసుల గోడకు నా ఫొటో పెట్టాలె. పెద్దది. వేరేకాడ దిగుతే, చెల్లె మొగనిది స్టూడియో ఉండంగ బయట దిగిండంటరు. ఈడ దిగుతే, సర్పంచు వరదల కొట్టుకపోతున్నడంటరు. ఏం జెయ్యమంటవ్?"

"ఈడనే దిగు. మంచిగొస్తది" అంది సత్తెమ్మ. నోరు ముందే అనేసింది, మనసు వెనక వచ్చి నెత్తి కొట్టుకుంది.

"సరే. ఎరువుల దుకాణం పెట్టేటాయన గీ రూము అడుగుతున్నడు. దసరా ఎల్లినంక మీ వదినెను తీసుకొని వస్త. నీళ్లు కదలకుంటే రూము మీదే, నేను చచ్చేదాక అడుగ. కదిలినయా, రూము ఎరువులకు. మీరిద్దరు ఊరికి రాండ్రి. బర్రెలకు మనుషులు దొరుకుతలేరు."

బర్రెల మాట వినగానే సారయ్య నల్లగుడ్డ కిందికి పోయి తల దాచుకున్నాడు. చిన్నప్పుడు ఒక బర్రె ఆయన చొక్కా సగం నమిలి మింగింది. అప్పటినుంచి పాలలో కూడా దాని ముఖమే కనిపించేది.

దసరా వచ్చింది, వెళ్లింది. సత్తెమ్మ ఇంకేం చేయాలో తోచక పరదాకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. జమ్మి ఆకు హంసల కాళ్ల దగ్గర పెట్టింది. ఆ హంసలకు కాళ్లు లేవు, నీళ్లలో ఉన్నాయి. అయినా పెట్టింది.

వెంకట్రాం వచ్చిన రోజు తలపాగాను డబ్బాలో పెట్టుకుని వచ్చాడు. సుగుణ వదినె పట్టుచీర నలగకుండా బస్సులో నిలబడే వచ్చిందట. ఇద్దరినీ కుర్చీలలో కూర్చోబెట్టి సత్తెమ్మ పౌడరు అద్దబోతే, "నాకొద్దు, నేను తెల్లగనే ఉంట" అంది సుగుణ.

"తెలుసు వదినె. ఇది చెమటకు" అని సత్తెమ్మ రెండింతలు అద్దింది.

"చెల్లె, నువ్వు గూడ నిలబడు. నా కుడిదిక్కు" అన్నాడు వెంకట్రాం ఉన్నట్టుండి. "సర్పంచు తోడబుట్టినదానివి."

సత్తెమ్మ చేతిలోని పౌడరు డబ్బా కింద పెట్టింది. ఇన్నేళ్లు స్టూడియో నడిపింది గాని తనది ఒక్క ఫొటో లేదు. కొప్పులో బంతిపూలు సర్దుకుంది. మళ్లీ పరదా గుర్తొచ్చింది. "ముందు మీరిద్దరు దిగుండ్రి. నేను దీన్ని కాపలా కాస్త. మంచిగొస్తదని తెలిసినంక నిలబడుత."

సారయ్య గొంతు సవరించుకున్నాడు. "ఛల్, రెడీ."

మూత తీశాడు. కొలను మీద ఒక అల వచ్చింది. హంస మెల్లగా తల ఊపింది. సత్తెమ్మ కళ్లారా చూసింది. వెంకట్రాం కూడా ఎదురుగోడ అద్దంలో చూస్తున్నాడు. ఫొటో పాడుకాకుండా పెదవులు కదపకుండానే, "కతిలింతి" అన్నాడు.

"ఎరువులకు" అంది సుగుణ, ఆమె పెదవులు బాగానే కదిపి.

"ఇంకొక్కసారి తీస్త బావా, ఒక్కసారి" అన్నాడు సారయ్య. ఇంకో ప్లేటు వెతికాడు.

"తీయి. నేను సర్పంచును, న్యాయం తప్పను. రెండోసారి గూడ చూస్త."

సత్తెమ్మ ఆ గదిలో నిలబడలేక పెరట్లోకి వచ్చింది. ఎవరినైనా తిట్టకపోతే ప్రాణం పోయేటట్టుంది. పెరట్లో బాద్షా తప్ప ఎవరూ లేరు. ఖాసిం స్టేషనులో చాయి తాగుతున్నాడు.

"నీదే మంచిగున్నది" అంది గుర్రంతో. "నీకు అన్న సర్పంచు గాలే. పేడ ఏసుడే గాని నీకు ఎత్తుడు లేదు." బాద్షా తోక ఊపింది. సత్తెమ్మ గాలికంత దిక్కు తిరిగి మొగని మీద అరిచింది. "ఛల్, తొందరగ కానియ్, ఏం జేస్తున్నవ్ ఆడ."

బాద్షా ఒక అడుగు ముందుకు వేసింది. దాని పలుపు బిగిసింది. గుంజ కొద్దిగా వాలింది. గుంజకున్న ఇంకో తాడు కిర్రుమంది.

లోపల్నుంచి సుగుణ గొంతు. "అగో, బాతు మళ్ల తలకాయ ఊపింది."

సత్తెమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. గుర్రం తీరిగ్గా వెనక్కి వచ్చి నిలబడేదాకా ఆగింది. తర్వాత దాని చెవిలో రహస్యం చెప్పినట్టు, "ఛల్" అంది.

అడుగు. వాలడం. కిర్రు.

"అగో" అంది లోపల సుగుణ.

"ఛల్."

"అగో, అగో."

సుగుణ వదినె సత్తెమ్మకు పనికొచ్చిన రోజు జీవితం మొత్తంలో అదొక్కటే.

సత్తెమ్మ వంగి గుంజను చూసింది. కింద గుర్రం పలుపు. దాని మీద పరదా తాడు. "ఏ గాడిదకొడుకు కట్టిండ్రా గిది" అని అరవడానికి ఊపిరి తీసుకుంది. ఆ ముడి ఎవరిదో గుర్తుపట్టి, తీసుకున్న ఊపిరిని శబ్దం లేకుండా వదిలేసింది.

గాలికంత దగ్గరికి పోయింది. "ఏమయ్యా, ఇంటున్నవా? ఈసారి ఛల్ అనకు."

"ఎందుకు?" అన్నాడు సారయ్య లోపల్నుంచి.

"అనకంటే అనకు. గంతే."

లోపల సారయ్య చేయి ఎత్తబోయాడు. చేయి భుజం దగ్గరే ఆగిపోయింది. ఎదుట కూర్చున్నది సర్పంచు, వెనక బర్రెల మంద. ఉస్తాద్ పెట్టిన తాళం ఆ చెవితో తప్ప తెరుచుకోవడం లేదు. "సత్తీ, చెయ్యి లేస్తలేదు" అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఏమైంది బావా, మూతకు తుప్పు పట్టిందా?" అన్నాడు వెంకట్రాం.

పలుపు విప్పినా గుర్రం అడుగు వేస్తే పరదా తాడుకే తగులుతుంది. గుర్రాన్ని దూరం తీసుకుపోదామంటే దానికీ ఛల్ అనాలి. ఒక్కో ఛల్‌కు ఒక్కో అడుగు. పెరడు దాటేసరికి అన్న ఊరికి పోయి ఉంటాడు. సత్తెమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపింది. తాను బిగించిన ముడిని తానే పళ్లతో విప్పింది. తాడు నడుముకు చుట్టి, రెండు చేతులా పట్టుకుని, మడమలు నేలలో దిగేసి వెనక్కి వాలింది. లోపల కొలను పలక లాగా సాపు అయింది.

"అను" అంది గట్టిగా. "ఏమన్న అనుకో ఇగ."

"ఛల్, రెడీ" అన్నాడు సారయ్య, జైలు నుంచి విడుదలైనట్టు.

బాద్షా ఒక అడుగు ముందుకు వేసింది. ఆ అడుగుతో దాని మూతి సరిగ్గా సత్తెమ్మ తల దగ్గరికి వచ్చింది. అక్కడ కొప్పులో తాజా బంతిపూలు ఉన్నాయి.

"ఒ...కటి" అన్నాడు సారయ్య. బావ ఫొటో కదా అని మామూలుకన్నా నింపాదిగా లెక్కపెడుతున్నాడు.

బాద్షా పూలు వాసన చూసింది. దాని వేడి ఊపిరి సత్తెమ్మ మెడ మీదికి దిగింది.

"రెం...డు."

పూలు అందుకుంది. పూలతోపాటు కొప్పు కూడా అందుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నోటికి వచ్చిన మాట ఆపి ఎరగని సత్తెమ్మ, పళ్లు బిగబట్టి, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, తాడు ఒక్క వెంట్రుకవాసి కూడా వదలకుండా నిలబడింది.

"మూ...డు."

మూత పడిన చప్పుడు వినిపించాక ఆమె గుర్రంతో అన్న మాటలు స్టేషనులో చాయి తాగుతున్న ఖాసింకు వినిపించాయి. ఆయన గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

లోపల వెంకట్రాం అద్దంలోంచి చూపు తిప్పుకోలేదు. "కదల్లేదు" అన్నాడు. మెచ్చుకుంటున్నట్టూ ఉంది, కొంచెం నిరాశపడ్డట్టూ ఉంది. "మాటంటే మాటే. రూము మీదే. చెల్లె ఏది? నిలబడమంటిని కద."

సత్తెమ్మ లోపలికి వచ్చింది. కొప్పు ఒక పక్క ఊడి, ఇంకో పక్క చొంగతో అతుక్కుపోయి ఉంది. పూలు లేవు.

"గిదేం వేషమే?" అన్నాడు వెంకట్రాం. "ఇంకోటి తీయిస్త, తల దువ్వుకొని రా."

సారయ్య నేల చూపులు చూశాడు. "ప్లేట్లు అయిపోయినయి బావా."

"బయట ఏం జేసినవ్ గంతసేపు? దేవునికి మొక్కినవా?" అంది సుగుణ.

"గట్లనే అనుకో" అంది సత్తెమ్మ.

అన్నావదినెలు బస్సెక్కినంక సారయ్య మెల్లగా అడిగాడు. సత్తెమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. "అంత నీ నోటి మూలకంగ. గుర్రాన్ని తోలినట్టు ఛల్ ఛల్ అంటె కొలను ఊగకుంట ఏమైతది?"

"గుర్రానికి, పరదాకు ఏం సంబంధమే?"

"ఉంటది. అన్ని నీకు చెప్పాల్నా?"

ఆ సాయంత్రమే పెరటి గోడకు పెద్ద మేకు కొట్టి తాడు దానికి కట్టింది. గుంజకు పాత ముడి ఆనవాలు కూడా లేకుండా తుడిచింది. ఊళ్లో అందరికీ మొగని నోటి సంగతే చెప్పింది. సారయ్య నమ్మాడు. కొన్నేళ్లపాటు "ఛల్" అన్న ప్రతిసారీ సిగ్గుపడుతూ అన్నాడు.

అయితే తర్వాతి ఎండాకాలం దేవ్యా, చాందీ మళ్లీ వచ్చారు. వెంట తండా నుంచి ఇంకో నాలుగు జంటలు. చాందీ కొత్త ఫొటో ఒకటి చూసి పెదవి విరిచింది. "నీళ్లు ఆగిపోయినయేందక్కా? మాకు పారే నీళ్లే కావాలె. తండల అందరికి చెప్పిన."

సత్తెమ్మ అటూ ఇటూ చూసింది. "పారే నీళ్లు గావాల్నంటే ముందుగాల చెప్పి పెట్టుకోవాలె. గది అందరికి తీయం" అని, పెరట్లోకి పోయి తాడు మేకు నుంచి విప్పి గుంజకు కట్టి వచ్చింది. బాద్షా అక్కడే నిలబడి ఉంది. అట్లా కొలను రెండు రకాలైంది. పెద్దమనుషులకు ఆగిన కొలను, తండాల వాళ్లకు పారే కొలను. రంగుల ఫొటోలు, కన్ను మూసి తెరిచేలోపల పడే ఫ్లాషు లైట్లు వచ్చేదాకా రెండూ నడిచాయి. ఆటోలు వచ్చి ఖాసిం టాంగా మూలపడ్డ తర్వాత కూడా, ముసలి బాద్షా ఆ నీడనే నిలబడి, లోపల "ఛల్" వినిపిస్తే ఒక అడుగు వేస్తూనే ఉండేది.

వెంకట్రాం ఫొటో పెద్దది చేయించి పంచాయతీ ఆఫీసు గోడకు పెట్టారు. ఆయన, సుగుణ, వెనక అద్దం లాంటి కొలను. ఆయన కుడిదిక్కు ఒక మనిషి నిలబడేంత జాగా ఖాళీగా ఉండేది. చాలా ఏళ్లకు ఒక పెళ్లికి ఆ ఊరు పోయినప్పుడు సత్తెమ్మ దాన్ని చూడటానికి వెళ్లింది. వెంట సుగుణ కూడా వచ్చింది. పేడతట్ట సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

"అన్ని ఫొటోలు తీయించినవ్ గని, గీ ఫొటోల నువ్వే లేవు సత్తెమ్మా" అంది సుగుణ.

"ఉన్న" అంది సత్తెమ్మ. "కండ్లు పెట్టి చూడు వదినె. గా నీళ్లు కదలకుంట ఉన్నయే, గది నేనే."

సుగుణ కళ్లద్దాలు సర్దుకుని, గోడ దగ్గరికి పోయి, హంసను చాలాసేపు చూసింది.

"నాకైతె ఊగినట్టే ఉన్నది" అంది.